గోదావరి మొగల పరిశీలనకు ఉపగ్రహ సెన్సార్ల ఎంపిక: పోలవరం నేపథ్యంలో ఒక సమీక్ష

పాపికొండలను దాటి పోలవరం వద్ద మైదానంలో ప్రవేశించే గోదావరి, ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలి బంగాళాఖాతంలో కలుస్తుంది. డెల్టా నేలలు ఈ నది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడినవే. 194.6 టి.ఎం.సి.ల సామర్థ్యంతో నిర్మాణంలో ఉన్న పోలవరం జలాశయంలో పూర్తిస్థాయిలో నీరు నిలిపినప్పుడు ఒండ్రులో కొంత భాగం ఎగువనే ఆగిపోతుంది. తీరంపైన, మత్స్యసంపదపైన దాని ప్రభావాన్ని అంచనా వేయాలంటే అంతకుముందరి స్థితి నమోదై ఉండాలి. ఇందుకు తగిన సెన్సారు లక్షణాలను ఈ వ్యాసంలో పరిశీలించడమైనది.

సముద్రంపై నుండి ఉపగ్రహాన్ని చేరే దృశ్యకాంతిలో నీటి నుండి వచ్చేది సుమారు పదోవంతు మాత్రమే. మిగిలినదానిలో అధికభాగం వాతావరణం వెదజల్లినది. నిర్మల జలాలు సమీప పరారుణ కాంతిని దాదాపుగా పీల్చుకుంటాయి. కనుక ఆ పట్టీలలో నమోదైన కాంతిని వాతావరణానిదిగా లెక్కించి తీసివేస్తారు. అంతర్వేది వంటి మొగల వద్ద బురదనీరు ఆ కాంతిని కూడా కొంత వెనుకకు పంపుతుంది. ఫలితంగా ఒండ్రును తక్కువగా అంచనా వేసే ప్రమాదముంది. దీనిని నివారించుటకు మరింత దీర్ఘ తరంగదైర్ఘ్యాల పట్టీలు అవసరం.

1999 మే 26న ప్రయోగించిన ఓషన్‌శాట్-1లోని వర్ణ సెన్సారు 8 పట్టీలలో, 360 మీటర్ల స్పష్టతతో, 1,420 కి.మీ. వెడల్పున, రెండు రోజులకొకసారి సముద్రాన్ని చూసేది. 2022 నవంబరు 26న కక్ష్య చేరిన ఈఓఎస్-06లో పట్టీలు 13కు పెరిగాయి. స్పష్టతను ఇంకా పెంచితే ఒక్కొక్క బిందువుకు చేరే కాంతి తగ్గి కొలతలో దోషం పెరుగుతుంది; సాధారణంగా చూసే వెడల్పు కూడా తగ్గి, తిరిగి చూసే వ్యవధి పెరుగుతుంది.

గోదావరికి ఈ వ్యవధి కీలకం. ఒండ్రులో అధికభాగం నైరుతి రుతుపవన కాలపు వరదలతోనే వస్తుంది. ఆకాశం మేఘావృతమై ఉండేదీ అప్పుడే. రాడార్ మేఘాలను దాటి ముంపును, తీరరేఖను చూపగలదు గాని నీటి రంగును చూపలేదు. 2010లో దక్షిణ కొరియా భూస్థిర కక్ష్యలో ఉంచిన సముద్రవర్ణ సెన్సారు 500 మీటర్ల స్పష్టతతోనే పగటివేళ గంటకొకటి చొప్పున రోజుకు 8 చిత్రాలు తీసేది. మేఘాల మధ్య విరామాన్ని అందిపుచ్చుకొనుటకు ఈ విధానం అనువైనది.

కావున గోదావరి మొగలకు సెన్సారు రూపకల్పనలో చిత్రీకరణ తరచుదనానికి ప్రథమ స్థానం, దీర్ఘ తరంగ పట్టీలకు ద్వితీయ స్థానం, సూక్ష్మ స్పష్టతకు తదుపరి స్థానం ఇవ్వడం సముచితం. ఉపగ్రహం చూసిన రోజుననే మొగల వద్ద నీటి నమూనాలు సేకరించి కొలతలను సరిపోల్చాలి. జలాశయం నిండిన తరువాత పూర్వస్థితిని తిరిగి కొలవడం సాధ్యం కాదు.