ముందు ప్రశ్న, తర్వాతే ఫోను

పలమనేరు పక్కన టమోటా పెట్టే కుర్రాడు ఫోను తెరిస్తే మూడు రాష్ట్రాలు ఒక్కసారే మీద పడతాయి. కోలారు మార్కెట్ కన్నడంలో, కృష్ణగిరి తోట తమిళంలో, మదనపల్లె మండీ తెలుగులో. మధ్యలో సినిమా ట్రైలరు, ఎవరిదో గృహప్రవేశం, ఎకరాకు లక్షలంటూ అరిచే వీడియో. గంటసేపు చూసినా తోటకు పనికొచ్చే ముక్క ఒక్కటి గుర్తుండదు. సేద్యమూ వృత్తే కదా, దానికీ రోజూ చదువు కావాలి.

ఈ గందరగోళాన్ని సర్దుకోవడానికి నేను వాడి చూసినవాటిలో బాగా పనికొచ్చింది యూట్యూబ్ సెట్టింగుల్లోనే ఉంది. చూసిన వీడియోల హిస్టరీని తుడిచేసి, ఆపేయాలి. అప్పుడు హోం పేజీ దాదాపు ఖాళీ అయిపోతుంది. 2023 ఆగస్టు నుంచి యూట్యూబ్ అలా మార్చింది. ఇక సబ్‌స్క్రిప్షన్ల పేజీకి వెళ్తే మనం ఎంచుకున్న ఛానళ్లే కనిపిస్తాయి, కొత్తది పైన. మొదట్లో చప్పగా ఉంటుంది. ఉండనివ్వండి.

వాట్సాప్‌లో 2024 నుంచి లిస్టులు వచ్చాయి కాబట్టి ధరల గ్రూపులను ఒకవైపు, బంధువులను మరోవైపు పెట్టుకోవచ్చు. ఫీడ్లీ లాంటి రీడర్లు ఎంచుకున్న వెబ్‌సైట్లను ఒకచోట చేరుస్తాయి. కుర్చీలో కూర్చునే ఉద్యోగికి బాగుంటుంది గానీ, మడిలో తిరిగే మనిషికి అంతగా అతకదు. ఎంత మంచి యాప్ అయినా శాశ్వతమని నమ్మలేం. గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది. తర్వాత చదువుదామని లింకులు దాచుకునే పాకెట్ 2025 జులైలో ఆగిపోయింది. పనికొచ్చిన సంగతిని నోటుబుక్కులో రాసుకోవడమే మేలు.

అయినా ఏం తెలుసుకోవాలో తేల్చుకోకుండా ఫీడు ఎంత సర్దినా వృథా. ‘పోయిన కారులో ఆకుముడత తోటను తినేసింది, ఈసారి ఏ నారు పెట్టాలి?’ అని అడుగుతూ వెతికితే దారి దొరుకుతుంది. బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన అర్క రక్షక్ హైబ్రిడ్ ఆకుముడత వైరస్‌నూ, బాక్టీరియా వడలు తెగులునూ, ఆకుమాడునూ తట్టుకుంటుందన్న సంగతి అప్పుడు కంటపడుతుంది. 2014లో మన దేశంలో బయటపడిన టూటా పురుగు గురించి అడిగితే లింగాకర్షక బుట్టల దగ్గరికి చేరతారు. ప్రశ్న లేకపోతే ఇవే వీడియోలు వేలి కింద జారిపోతాయి.

వీడియో చూసేటప్పుడు మరో రెండు విషయాలు గమనించండి: తీసిన తేదీ ఉందా, పంట దెబ్బతిన్న సంగతి కూడా చెబుతున్నాడా? నిరుటి జులై ధరను ఇవాళ్టిదని చూపే వీడియోలకు కొదవలేదు. ప్రతి తెగులుకూ ఒకే మందు పేరు చెప్పి, కింద తన నంబరు పెట్టే ఛానల్‌ను ఈరోజే తీసేయండి. ఆ చోట మీ రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకుడి నంబరు చేర్చుకోండి.