పికప్ గేర్ బాక్సు ఆయిలు ఇంట్లోనే మార్చుకుందాం

ఈసారి పురుగుల సంగతి కాదు, గూళ్ళు మోసే బండి సంగతి.

ఇంజన్ ఆయిలు అందరం మారుస్తాం. గేర్ బాక్సు ఆయిలు మాత్రం గేరు గరగరమనేదాకా ఎవరికీ గుర్తుకు రాదు. గూళ్ళు నింపుకొని శిడ్లఘట్టకో రామనగరానికో హోసూరుకో పోయేటప్పుడు దారిలో బండి నిలిచిపోతే నష్టం రిపేరు ఖర్చుతో ఆగదు. మూటల్లో గూడు వేడెక్కుతుంది, చెమ్మ పడుతుంది, తూకం తగ్గుతుంది, ఆ రోజు వేలం కూడా తప్పిపోతుంది.

మన పికప్‌లు ఎక్కువగా చేత్తో గేరు వేసేవే, ఇక్కడ చెప్పేది వాటికే. ఆటోమేటిక్ బండికి పోసే ఆయిలు వేరు, కొలిచే పద్ధతి వేరు. దాన్ని వర్క్‌షాపుకే వదిలేయండి.

ముందు ఆయిలు కొనే మాట. డబ్బా మీద 80డబ్ల్యూ-90 అని చూసి తెచ్చేస్తే చాలదు. పక్కనే జీఎల్-4, జీఎల్-5 అని ఉంటుంది, అసలు తేడా అక్కడే. గేర్ బాక్సులో గేర్ల వేగం కలిపే ఇత్తడి రింగులుంటాయి. జీఎల్-5లో గంధకం కలిసిన మందు ఎక్కువ. కొన్ని రకాలు ఇత్తడిని తినేస్తాయి, గేరు కూడా సరిగ్గా పడదు. వెనక డిఫరెన్షియల్ హౌసింగుకి మాత్రం మామూలుగా జీఎల్-5 అడుగుతారు. అంగడిలో "రెండింటికీ ఇదే సార్" అంటే ఒప్పుకోవద్దు. బండి పుస్తకంలో ఏ రకం, ఎన్ని లీటర్లు అని ఉందో అదే తీసుకోండి.

గూళ్ళు అమ్మేశాక, కొత్త చాకీ రాకముందు ఈ పని పెట్టుకోండి. బండిని పది పదిహేను నిమిషాలు తిప్పుకొస్తే ఆయిలు పల్చబడి బాగా దిగుతుంది. మట్టంగా ఉన్న చోట నిలిపి ఇంజన్ ఆపి, గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకి రాళ్ళు పెట్టండి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి దూరొద్దు, ఎంత తొందరున్నా సరే.

గేర్ బాక్సుకి పక్కన ఒక బిరడా, అడుగున ఒక బిరడా ఉంటాయి. పక్కది ఆయిలు పోసేది. ముందు దాన్నే వదులు చేయండి. అది తుప్పుపట్టి రాకపోతే అక్కడితో ఆపి మెకానిక్‌ని పిలవండి. అడుగుది ముందే తీసేస్తే పాత ఆయిలంతా పోతుంది, కొత్తది పోసే దారి ఉండదు, బండి కదల్దు.

పక్కది వచ్చాక అడుగుది విప్పి తొట్టిలోకి పట్టండి. వేడిగా ఉంటుంది, చేతులు జాగ్రత్త. పావుగంట కారనివ్వండి. బిరడాకి అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు ముద్ద కనపడుతుంది, అది మామూలు అరుగుదలే. గోరంత ఇనుప ముక్కలు కనపడితే లోపల పళ్ళు విరుగుతున్నట్టు. ఆయిలు పాలు కలిపిన టీలా ఉంటే నీళ్ళు చేరాయి. ఈ రెండింట్లో ఏదున్నా మెకానిక్‌కి చూపించండి.

కొత్త వాషరేసి అడుగు బిరడా బిగించండి. చాలా గేర్ బాక్సులు అల్యూమినియంవి, బలం చూపిస్తే మరలు పోతాయి. చేతి పంపుతో పక్క బొక్కలోంచి పోస్తూ, ఆయిలు అంచుకొచ్చి బయటికి కారడం మొదలవగానే ఆపి బిరడా పెట్టేయండి. కొంతదూరం నడిపొచ్చి కింద కారుతుందేమో చూడండి.

పాత ఆయిలు మల్బరీ గట్టున పోయకండి, పశువుల కొట్టం కంబాలకి పూయకండి. మూతున్న డబ్బాలో పోసి, పాత ఆయిలు తీసుకునే వర్క్‌షాపులో ఇవ్వండి. ఆకు మూటలు, గూళ్ళ మూటలు వేసే తొట్టిలో ఆయిలు చుక్క పడితే సబ్బుతో కడిగి ఆరబెట్టండి. అదే బట్టలతో షెడ్డులోకి పోవద్దు.

మార్చిన తేదీ, కిలోమీటర్లు చాకీ తేదీలు రాసుకునే పుస్తకంలోనే రాసిపెట్టుకోండి.