కాచిగూడ స్టేషను – పట్టాలు చెప్పే పాఠం

రైల్వే స్టేషనంటే టిక్కెట్టు కొని బండెక్కే చోటు అనుకుంటాం. షాద్‌నగర్ వైపు పల్లె నుంచి రోజూ కాచిగూడలో దిగి, బండి మారి కాలేజీకి వచ్చే నేనూ మొన్నటిదాకా అలాగే అనుకున్నాను. కాని మిత్రులారా, ఆ స్టేషను కథలో మన సమాజ చరిత్రా, కొంత భౌతికశాస్త్రమూ ఉన్నాయి.

హైదరాబాదు సంస్థానంలో వాడి–సికింద్రాబాదు రైలుమార్గం 1874లో మొదలయింది. అది బ్రాడ్ గేజి. పట్టాల నడుమ దూరం 1,676 మిల్లీమీటర్లు. ఆ శతాబ్దం మారే రోజుల్లో మన్మాడు వైపు వేసిన గోదావరి లోయ మార్గం మాత్రం మీటరు గేజి, అంటే 1,000 మిల్లీమీటర్లే. ఖర్చు తక్కువన్నమాట నిజమే. కాని ఒక గేజి బండి ఇంకో గేజి మీద నడవదు గదా! గేజి మారే చోటల్లా సరుకు దించి మళ్ళీ ఎక్కించాల్సిందే.

కాచిగూడ ఆ మీటరు గేజి స్టేషను. గుమ్మటాలు, మీనార్లతో ఇప్పుడు కనిపించే భవనం ఏడవ నిజాము కాలంలో, 1916లో కట్టినది. నమూనా విన్సెంట్ ఎష్‌ది. పరదా పాటించే స్త్రీలు ఎవరి కంటా పడకుండా బండెక్కేందుకు అక్కడ వేరే ఏర్పాటు ఉండేది. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొన్నది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. 1990లలో మీటరు గేజి పోయి బ్రాడ్ గేజి వచ్చింది.

2003 ఆగస్టులో జంటనగరాల్లో ఎం.ఎం.టి.ఎస్. బండ్లు మొదలయ్యాయి. ఆ తర్వాత ఫలక్‌నుమా మార్గంలో కాచిగూడకూ వచ్చాయి. సికింద్రాబాదు నుంచి కాచిగూడ లోపలే సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజి, జామై ఉస్మానియా, విద్యానగర్ ఉన్నాయి. ఇలా ఆగుతూ పోయే బండి ఆగిన వెంటనే వేగం అందుకోవాలి. మామూలు బండిలో ఇంజను చక్రాలే పట్టాలను పట్టి లాగుతాయి. ఘర్షణ బలం చక్రం మీది బరువును బట్టి ఉంటుందని మనం చదువుకున్నదే. లోకల్ బండిలో మోటార్లు కొన్ని పెట్టెల్లో పంచి ఉంటాయి గనుక ఎక్కువ చక్రాలు లాగుతాయి. రెండు చివరలా డ్రైవరు గది ఉండటంచేత ఇంజను మార్చే పనీ లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, హాస్టలు ఖర్చు భరించలేని మా ఇంట్లో నా చదువు సీజన్ టిక్కెట్టు మీదనే నడుస్తున్నది. ఈ ఏడు చెల్లెలు ఇంటరు పాసయింది. "సాయంత్రం బండి తప్పితే పిల్ల ఎట్ల వస్తదిరా?" అని నాయిన జంకుతున్నాడు. ప్రాక్టికల్స్ అయ్యేసరికి పొద్దు పోతుంది. ఆయన భయం ఉత్తదని నేననలేను.

నాడు స్త్రీలు బండెక్కాలంటే పరదా చాటు కావలసి వచ్చింది. నేడు మా చెల్లెలికి కావలసింది వేళకు వచ్చే సాయంత్రం బండి ఒక్కటే. అది ఉంటే వచ్చే జూన్ నుంచి కాచిగూడలో ఇద్దరం దిగుతాం.

– బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి