షిన్ స్ప్లింట్స్ నొప్పి – షాక్ వేవ్ చికిత్స ఎంతవరకు?

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే మన ఆత్రేయపురం, లొల్ల లాకుల వైపు గట్ల మీద తెల్లవారకముందే పరుగులు మొదలవుతాయి. 1600 మీటర్ల ఈవెంట్ కొట్టాలనే ఆత్రంలో, నిన్నటిదాకా పుస్తకం వదలని తమ్ముడు కూడా ఒక్కసారిగా రోజుకు ఐదారు కిలోమీటర్లు పరుగెడతాడు. రెండు మూడు వారాలకు మోకాలికీ చీలమండకూ నడుమ, ఎముక లోపలి అంచు వెంబడి నొప్పి పట్టుకుంటుంది. దీనినే షిన్ స్ప్లింట్స్ అంటారు.

జీవశాస్త్రంలో మనం చదువుకున్న అంతర్జంఘిక ఇదే. పరుగులో ఒక్కో అడుగుకు శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం కాలిపై పడుతుంది. ఎముక ప్రాణమున్న కణజాలం కనుక, దెబ్బతిన్న చోట తనను తాను మళ్లీ కట్టుకుంటుంది. కట్టుకునే వేగం కన్నా దెబ్బల వేగం ఎక్కువైనప్పుడే చిక్కు.

బొటనవేలితో ఎముక అంచును నొక్కి చూడండి. నొప్పి నాలుగు వేళ్ల వెడల్పుకు మించి పరుచుకుని ఉంటే చాలావరకు షిన్ స్ప్లింట్సే. ఒక్క బిందువు దగ్గరే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడు బాధించినా, ఒంటికాలిపై గెంతలేకపోయినా ఎముకలో సన్నని పగులు ఉందేమోనని అనుమానించాలి. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో ఆ పగులు కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే బాగుందిగా" అని పరుగెత్తడం ప్రమాదం. ఎముకల డాక్టరుకు చూపించాలి.

ఇక షాక్ వేవ్. పేరు విని కరెంటు షాక్ అనుకుంటారు, కాదు. ఇవి బలమైన పీడన తరంగాలు. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో కిడ్నీ రాళ్లను పగలగొట్టడానికి మొదట మనిషిపై వాడారు. తరువాత మడమ నొప్పికీ, ఆపై కాలి ఎముకకూ వచ్చాయి. చర్మంపై జెల్ రాసి, చేతి పరికరంతో వారానికోసారి చొప్పున కొన్నిసార్లు కొడతారు. కొట్టేటప్పుడు నొప్పిగానే ఉంటుంది.

పని చేస్తుందా? 2012లో ప్రచురితమైన నెదర్లాండ్స్ పరిశోధనలో 42 మంది క్రీడాకారులను చూశారు. క్రమంగా పెంచే పరుగు మాత్రమే చేసినవారు కోలుకోవడానికి సగటున 92 రోజులు పడితే, దానికి షాక్ వేవ్ తోడైనవారికి 60 రోజులు పట్టింది. అయితే ఎవరికి ఏ చికిత్స అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించలేదు. 2017లో ఆస్ట్రేలియాలో 28 మందిపై, ఎవరికి అసలుది, ఎవరికి ఉత్తుత్తిది అన్నది తెలియనివ్వకుండా పరీక్షిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి ఇంట్లో అప్పు చేసి మరీ చేయించుకోవలసిన వైద్యం కాదని నా అభిప్రాయం. పైగా ఎదిగే వయసువారి ఎముక చివర్లలోని పెరుగుదల భాగంపై దీనిని వాడకూడదు. హైస్కూలు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది గమనించాలి.

నొప్పి ఉన్నన్నాళ్లు పరుగు ఆపి సైకిలు తొక్కండి, ఆయాసం అలవాటు పోదు. నడిస్తే నొప్పి లేదనుకున్నాక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టండి. సిమెంటు రోడ్డు కన్నా మట్టి గట్టు నయం. అరిగిన బూట్లు మార్చండి, మడమలు ఎత్తి దించుతూ పిక్కలకు బలం తెచ్చుకోండి.

షాక్ వేవ్ తీసుకున్నవారికే 60 రోజులు పట్టిందని చూశారు కదా! ఈవెంట్స్ నెలలో ఉన్నాయనగా ఏ యంత్రమూ అక్కరకు రాదు. దరఖాస్తు పెట్టిన వారంలోనే, ప్రిలిమ్స్‌కు చదువుతూనే, మెల్లగా పరుగు మొదలుపెట్టండి.