పేరు తెలియని వీరునకు జాతి వందనము

1918వ సంవత్సరము నవంబరు 11వ తేదీన పగలు 11 గంటలకు ఐరోపా పశ్చిమ రణరంగమున ఫిరంగులు మూగవోయినవి. నాలుగు సంవత్సరములకు పైగా సాగిన మొదటి ప్రపంచ యుద్ధము ఆ దినముతో ఆగినది. బ్రతికినవారు ఇండ్లకు మరలిరి. మరణించినవారిలో కొందరికి సమాధులు కలవు. ఆ సమాధులపై పేర్లు కలవు. లక్షలమందికి ఆ పాటి భాగ్యమును లేకపోయెను. ఎక్కడికి పోయి కన్నీరు విడువవలెనో వారి తల్లిదండ్రులకు తెలియదు. ఈ దుఃఖమునకు ఉపశమనముగా ఆయా దేశములు ఏమి చేసినవో, ఆ పనిలో గ్రామ పంచాయతీలకు గల పాత్ర ఏమో ఈ పాఠమున తెలిసికొందము.

పేర్లు ఏల పోయినవి?

ఆ యుద్ధమున సైనికులు కందకములలో నుండి పోరాడిరి. గుండ్ల వర్షమునకు నేల తిరుగబడుచుండెను. ఒకసారి పాతిన సమాధులే మరల చెదరిపోవుచుండెను. బ్రిటిషు సైనికుని మెడలో పేరు, నంబరు చెక్కిన బిళ్ల ఉండెడిది. మొదట ఆ బిళ్ల ఒక్కటే. మరణమును లెక్కలో వ్రాయుటకు దానిని తీసికొనిపోగా, దేహముపై ఆనవాలు మిగిలెడిది కాదు. 1916లో రెండు బిళ్లలిచ్చు ఏర్పాటు వచ్చినది. ఒకటి లెక్క కొరకు, రెండవది దేహముతోనే ఉండుట కొరకు. ఇంత చిన్న వస్తువు లేనందున ఎందరి పేర్లో మట్టిలో కలిసిపోయినవి.

ఒక్కని సమాధి, అందరి సమాధి

1916లో డేవిడ్ రెయిల్టన్ అను సైనిక మతాచార్యుడు ఫ్రాన్సు దేశమున ఆర్మాంతియేరు వద్ద ఒక సమాధిని చూచెను. దానిపైనున్న కొయ్య శిలువ మీద పేరు లేదు. ఎవరో తెలియని బ్రిటిషు సైనికుడని వ్రాసియుండెను. అట్టి ఒకనిని స్వదేశమునకు గొనివచ్చి రాజుల సరసన ఉంచవలెనని ఆయన 1920లో లండను నగరములోని వెస్టుమినిస్టరు అబ్బే అధిపతికి లేఖ వ్రాసెను.

ఆ సూచన అంగీకరింపబడినది. పలు రణక్షేత్రముల నుండి గుర్తు తెలియని దేహములను తెప్పించి, వానిలో ఒకదానిని ఎన్నుకొనిరి. అతడు ఏ జిల్లావాడో, అధికారియో, సామాన్య సిపాయియో ఎవరికిని తెలియదు. తెలియకుండుటయే ఆ ఏర్పాటులోని కీలకము. బిడ్డ జాడ తెలియని ప్రతి తల్లియు ఇతడు నా కుమారుడే కావచ్చునని తలచుటకు వీలు కలిగినది. 1920 నవంబరు 11వ తేదీన చక్రవర్తి అయిదవ జార్జి శవపేటిక వెంట నడచెను. ఫ్రాన్సు నుండి తెచ్చిన మట్టితో సమాధిని పూడ్చిరి. అబ్బే నేలలో అనేక సమాధులున్నను, ఈ ఒక్క రాతిపై మాత్రము ఎవరును కాలు మోపరు.

అదే దినమున ఫ్రెంచి వారును తమ అజ్ఞాత సైనికుని పారిసు నగరములోని విజయ తోరణమునకు గొనివచ్చిరి. 1921 జనవరి 28న అతనిని ఆ తోరణము క్రింద ఖననము చేసిరి. 1923లో వెలిగించిన జ్యోతి అచ్చట నేటికిని ప్రతి సాయంకాలము రగిలింపబడుచున్నది. అమెరికా దేశము 1921లో ఆర్లింగ్టను శ్మశానవాటికయందు ఇట్టి సమాధిని నెలకొల్పినది.

ఆర్లింగ్టనులో జరిగిన మరియొక విషయము గమనింపదగినది. వియత్నాం యుద్ధమున మరణించిన ఒక అజ్ఞాత సైనికుని 1984లో అచ్చట ఉంచిరి. 1998లో డి.ఎన్.ఎ. పరీక్ష వలన అతడెవరో తేలినది. వెంటనే దేహమును కుటుంబమునకు అప్పగించిరి. ఆ సమాధి నేటికిని ఖాళీగనే ఉన్నది. అజ్ఞాత సైనికునకు చేయు గౌరవము గొప్పదే. అయినను పేరు దొరికినచో దానిని ఇంటివారికి చేర్చుట అంతకంటె గొప్పది.

మన దేశమున

మొదటి ప్రపంచ యుద్ధమున పది లక్షలకు పైగా భారతీయులు విదేశములలో పనిచేసిరి. సుమారు 74 వేలమంది మరల రాలేదు. సమాధి తెలియని మన సైనికులు, కూలీలు సుమారు 4,700 మంది పేర్లు ఫ్రాన్సులోని న్యూవ్ షాపెల్ స్మారకముపై కలవు. ఢిల్లీలోని ఇండియా గేటు 1931లో ఆవిష్కరింపబడినది. దానిపై చెక్కిన పేర్లు 13 వేలకు పైగా ఉన్నవి. మరణించినవారి సంఖ్యతో పోల్చి చూచిన ఎంత వెలితియో తెలియగలదు.

1971 యుద్ధము ముగిసిన పిమ్మట, 1972 జనవరి 26న నాటి ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ ఇండియా గేటు క్రింద అమర్ జవాన్ జ్యోతిని ఆవిష్కరించిరి. తలక్రిందుగా నిలిపిన తుపాకి, దానిపై శిరస్త్రాణము దానికి గుర్తులు. 2019 ఫిబ్రవరి 25న సమీపముననే జాతీయ యుద్ధ స్మారకము ప్రారంభమైనది. స్వాతంత్ర్యానంతరము ప్రాణములర్పించిన 25 వేలకు పైగా సైనికుల పేర్లు అచ్చటి రాతి గోడలపై చెక్కబడినవి. 2022 జనవరి 21న పాత జ్యోతిని ఈ స్మారక జ్యోతిలో కలిపిరి.

పంచాయతీల పని

ఢిల్లీలోని రాతిపై పేరుండవచ్చును. ఆ పేరు ఏ వీధివాడిదో, ఎవరి కుమారునిదో చెప్పగలది గ్రామమే. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరము తరతరములుగా సైన్యమునకు యువకులను పంపి మిలిటరీ మాధవరమని పేరొందినది. అట్టి ఖ్యాతి లేని గ్రామములలోను సైన్యమునకు పోయి తిరిగిరాని వారుండవచ్చును. వారిని ఎరిగిన వృద్ధులు ఏటేట తగ్గుచున్నారు.

కనుక సభ్యులు ఒక పుస్తకము తెరచి, ఇంటింట విచారించి, సైనికుని పేరు, తండ్రి పేరు, పనిచేసిన దళము, నంబరు, మరణించిన సంవత్సరము, స్థలము వ్రాయింపవలెను. పింఛను కాగితములు, పతకములు, పాత ఉత్తరములు ఇంటివారి వద్ద ఉన్నచో చూచి వివరములు సరిపోల్చవలెను. పతకము అంచుపై పేరు, నంబరు చెక్కియుండుట కలదు. సందేహము వచ్చినచో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమును అడుగవచ్చును. రెండు ప్రపంచ యుద్ధములలో మరణించిన వారి వివరములను కామన్వెల్తు యుద్ధ సమాధుల సంఘము భద్రపరచినది. శిలాఫలకమును పిదప చెక్కించుకొనవచ్చును. రాతిపై తప్పు పడిన దిద్దుట కష్టము.

పేరు పోయినవానికి జాతి యంతయు తలవంచినది. పేరు ఇంకను మిగిలియున్నవానిని మరుగున పడనీయకుండుట గ్రామము చేతిలోని పని.