ఫోన్‌లోనే గిట్ నేర్చుకోండి: కమిట్ చేస్తే సరిపోదు, పుష్ కూడా చేయాలి!

మీ ఫోల్డర్‌లో ‘ప్రాజెక్ట్ ఫైనల్’, ‘ప్రాజెక్ట్ ఫైనల్ 2’, ‘ఇదే అసలు ఫైనల్’ అంటూ ఫైళ్లు పేరుకుపోయాయా? నిన్న బాగానే నడిచిన కోడ్ ఇవాళ ఎందుకు ఆగిపోయిందో, మధ్యలో ఏం మార్చారో గుర్తు రావట్లేదా? అయితే మీరు గిట్ వాడాల్సిందే. లాప్‌టాప్ లేకపోయినా ఫరవాలేదు, ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే మొదలుపెట్టొచ్చు.

అసలు గిట్ అంటే ఏంటి?

ఫైళ్లలో చేసిన మార్పులను వరసగా గుర్తుపెట్టుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో దీన్ని తయారు చేశారు. అప్పటిదాకా లైనక్స్ కెర్నల్ టీమ్ వాడిన బిట్‌కీపర్ ఉచితంగా దొరకడం ఆగిపోవడమే అందుకు కారణం.

సబ్‌వెర్షన్ లాంటి పాత పద్ధతుల్లో హిస్టరీ అంతా ఒకే సర్వర్‌లో ఉంటుంది. గిట్ అలా కాదు. ప్రాజెక్ట్‌ను క్లోన్ చేసుకున్న ప్రతి ఒక్కరి దగ్గరా మొత్తం హిస్టరీ ఉంటుంది. అందుకే దీన్ని డిస్ట్రిబ్యూటెడ్ అంటారు. నెట్ లేకపోయినా పని ఆగదు. గిట్, గిట్‌హబ్ ఒకటి కాదన్నది కూడా గుర్తుంచుకోండి. గిట్‌హబ్ అనేది గిట్ ప్రాజెక్టులు దాచుకునే ఒక వెబ్‌సైట్ మాత్రమే.

ఇలా మొదలుపెట్టండి

ఇక్కడ కమాండ్లను తెలుగులో రాశాం కానీ, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ చిన్న అక్షరాలే వాడాలి.

1. ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ యాప్ వేసుకుని, ‘పీకేజీ ఇన్‌స్టాల్ గిట్’ అని కొట్టండి.

2. ‘గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ యూజర్.నేమ్’ తర్వాత కోట్స్‌లో మీ పేరు ఇవ్వండి. అలాగే ‘యూజర్.ఈమెయిల్’ కూడా. ఈ వివరాలు ప్రతి కమిట్‌లో కనిపిస్తాయి.

3. ‘ఎంకేడిర్ నోట్స్’ అంటే ఫోల్డర్ తయారవుతుంది. ‘సీడీ నోట్స్’ తో అందులోకి వెళ్లి ‘గిట్ ఇనిట్’ ఇవ్వండి.

4. అందులో ఒక ఫైల్ రాసుకున్నాక ‘గిట్ యాడ్ .’ ఇవ్వండి. చివర చుక్క మర్చిపోవద్దు.

5. ‘గిట్ కమిట్ -ఎం’ తర్వాత కోట్స్‌లో ఏం మార్చారో ఒక్క ముక్కలో రాయండి.

ఊరెళ్లేటప్పుడు పెట్టెలో ఏమేం పెట్టాలో ఎంచుకోవడం యాడ్ అయితే, మూత వేసి పైన చీటీ అంటించడం కమిట్. చీటీ మీద ‘మార్పులు’ అని రాస్తే రేపు మీకే అర్థం కాదు. ‘లాగిన్ బటన్ సరిచేశాను’ లాగా రాయండి.

ఏ ఫైళ్లు మారాయో ‘గిట్ స్టేటస్’, ఏం మారిందో ‘గిట్ డిఫ్’, పాత కమిట్లన్నీ ‘గిట్ లాగ్’ చూపిస్తాయి. ‘గిట్ రిస్టోర్’ తర్వాత ఫైల్ పేరు ఇస్తే, యాడ్ చేయని మార్పులు చెరిగిపోతాయి. అవి మళ్లీ గిట్‌లో దొరకవు, జాగ్రత్త!

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు

కమిట్ చేశాం కదా, ఇక భయం లేదనుకుంటారు. కానీ ఆ కమిట్లన్నీ అదే ఫోల్డర్‌లో, కనబడకుండా ఉండే ‘.గిట్’ లో ఉంటాయి. ఫోన్ పోయినా, టెర్మక్స్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసినా హిస్టరీతో సహా అన్నీ పోతాయి. కాబట్టి ఇంకో కాపీ వేరే చోట ఉండి తీరాలి.

గిట్‌హబ్‌లో ఖాళీ రిపాజిటరీ తెరిచి, దాని లింక్‌ను ‘గిట్ రిమోట్ యాడ్ ఆరిజిన్’ తర్వాత ఇవ్వండి. ఆపైన ‘గిట్ పుష్ -యూ ఆరిజిన్ హెడ్’. ఇందులో హెడ్ మాత్రం పెద్ద అక్షరాల్లో ఉండాలి. పాస్‌వర్డ్ అడిగితే మీ అకౌంట్ పాస్‌వర్డ్ పనిచేయదు, 2021 ఆగస్టు నుంచి గిట్‌హబ్ దాన్ని ఒప్పుకోవట్లేదు. సెట్టింగ్స్‌లో పర్సనల్ యాక్సెస్ టోకెన్ తయారు చేసుకుని, రిపాజిటరీలో రాసే అనుమతి ఇచ్చి, దాన్ని పేస్ట్ చేయండి.

ఇంకో మాట. పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు ఉన్న ఫైళ్లను కమిట్ చేయొద్దు. తర్వాత డిలీట్ చేసినా పాత కమిట్‌లో అవి అలాగే ఉంటాయి. పొరపాటున పుష్ అయిపోతే ముందు ఆ పాస్‌వర్డ్ మార్చేయండి.

చివరగా ఒక చిన్న పరీక్ష: ‘సీడీ ..’ తో బయటికి వచ్చి, ‘గిట్ క్లోన్’ తర్వాత లింక్, ఆ పక్కన ఒక కొత్త ఫోల్డర్ పేరు ఇవ్వండి. అందులో ‘గిట్ లాగ్’ కొడితే మీ కమిట్లన్నీ కనిపించాలి. కనిపించాయా? అయితే రేపు ఫోన్ మారినా మీ పని ఎక్కడికీ పోదు.