సంరక్షకుల అలసట: ప్రత్యేక అవసరాలు గల పిల్లల తల్లిదండ్రులకు ఒక పాఠం

ఆటిజం, మేధోవైకల్యం, సెరిబ్రల్ పాల్సీ వంటి స్థితులు గల పిల్లల తల్లిదండ్రులు బిడ్డ ఆరోగ్యం కోసం ఎందరు వైద్యులనైనా కలుస్తారు. తమ ఆరోగ్యం గురించి మాత్రం ఎవరినీ అడగరు. పీణ్య పారిశ్రామిక వాడలో ఉపాధి నిమిత్తం స్థిరపడిన తెలుగు కుటుంబాలను దృష్టిలో ఉంచుకొని, ఆ రెండవ విషయాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

అలసట వేరు, నిస్సత్తువ వేరు

సాధారణమైన అలసట ఒక రాత్రి నిద్రతో తీరుతుంది. విరామం లేని బాధ్యత సంవత్సరాల తరబడి కొనసాగినపుడు ఏర్పడే నిస్సత్తువ అలా తీరదు. దీనికే ‘బర్న్‌అవుట్’ అని పేరు. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సేవారంగంలో పనిచేసేవారి విషయంలో ఈ పదాన్ని వాడారు. బెల్జియం పరిశోధకులు ఇజబెల్ రోస్కామ్, మొయిరా మికొలజ్‌చాక్ తల్లిదండ్రులలో ఈ స్థితిని పరిశీలించి నాలుగు లక్షణాలను గుర్తించారు.

1. ఉదయం లేవగానే మరొక రోజు గడపాలన్న తలంపుకే శక్తి చాలకపోవడం.
2. పెంపకంలో ఆనందం తరిగిపోవడం.
3. అన్నం పెట్టడం, మందు వేయడం తప్ప బిడ్డతో మాటలు, లాలన తగ్గిపోవడం.
4. ‘ఇంతకు ముందు నేనిలా ఉండేదానిని కాదు’ అన్న బాధ.

ఇవి ప్రేమ లేదనడానికి గుర్తులు కావు. ఎక్కువ భారాన్ని తక్కువ మంది మోస్తున్నారనడానికి గుర్తులు.

నాలుగు భారాలు

ఆ భారాన్ని కొలిచే ఒక సాధనం బెంగళూరులోనే రూపొందింది. నిమ్హాన్స్‌లో డాక్టర్ సతీశ్ గిరిమాజి, సహపరిశోధకులు మేధోవైకల్యం గల పిల్లల కుటుంబాలతో ముఖాముఖి జరపడానికి ఒక పద్ధతిని 1999లో ప్రచురించారు. అందులో కుటుంబపు ఒత్తిడిని నాలుగు భాగాలుగా పరిశీలిస్తారు. ఆ విభజన పీణ్య జీవనానికి చక్కగా వర్తిస్తుంది.

మొదటిది రోజువారీ సంరక్షణ. తండ్రి రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చేసరికి తల్లి పగటి పని ఆరంభమవుతుంది. ఒకే గది గల ఇంట్లో తండ్రి నిద్రించవలసిన వేళకే బిడ్డ మేలుకొని ఉంటాడు. స్నానం చేయించడం, తినిపించడం, బట్టలు మార్చడం వంటి పనులు వయసుతో పాటు తగ్గకపోవచ్చు. బిడ్డ బరువు మాత్రం పెరుగుతుంది. స్వగ్రామంలోనైతే నాయనమ్మో, మేనత్తో ఒక పూట చూసుకొనేవారు. ఇక్కడ ఆ చేతులు లేవు. 42 దేశాలలో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, వ్యక్తిగత జీవనానికి ప్రాధాన్యమిచ్చే సమాజాలలోనే తల్లిదండ్రుల నిస్సత్తువ అధికమని తేలింది. వలస వచ్చిన కుటుంబం ఉమ్మడి కుటుంబపు ఆసరాను ఊళ్లోనే వదలి వస్తుందన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

రెండవది మానసిక భారం. ‘ఏ పాపం చేశామో’ అన్న మాట తల్లిని లోలోపల తినివేస్తుంది. ఆటిజానికి తల్లి పెంపకమే కారణమన్న వాదం ఒకప్పుడు పాశ్చాత్య వైద్యులలోనూ ఉండేది. ఆటిజం గల బాలుని తండ్రి, మనస్తత్వ శాస్త్రవేత్త అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో తన గ్రంథంలో దానిని ఖండించారు. ‘ఇంట్లో తెలుగు మానండి, బిడ్డ తికమకపడతాడు’ అన్న సలహా కూడా అనవసరమైన బరువే. రెండు భాషలు వినడం వలన ఆటిజం గాని, డౌన్ సిండ్రోమ్ గాని గల పిల్లల మాట మరింత ఆలస్యమవుతుందని పరిశోధనలు చూపలేదు. తల్లి తన భాషలోనే బిడ్డను నిస్సంకోచంగా లాలించవచ్చు.

మూడవది సామాజిక భారం. బిడ్డ కేకలకు ఇరుగుపొరుగు విసుగుకొనడం, ఇంటి యజమాని ఆక్షేపించడం, పెళ్లిళ్లకు వెళ్లడం మానుకోవడం ఈ కోవలోనివి.

నాల్గవది ఆర్థిక భారం. నగరానికి మరొక వైపున, హోసూరు రోడ్డులో ఉన్న నిమ్హాన్స్‌కు ఒకసారి వెళ్లి రావడమంటే ఒక రోజు కూలి పోవడమే. బిడ్డ కోసం తల్లి ఉద్యోగం మానితే ఇంటి ఆదాయంలో కోత పడుతుంది.

భారాన్ని పంచుకొనే మార్గాలు

వికలాంగుల హక్కుల చట్టం–2016 తల్లిదండ్రులను సైతం ‘సంరక్షకులు’గా నిర్వచించింది. ఈ చట్టం కింద ఇచ్చిన వైకల్య ధ్రువీకరణ పత్రం దేశమంతటా చెల్లుతుంది. కనుక స్వరాష్ట్రంలో సదరం శిబిరంలో పత్రం పొందినవారు దానిని భద్రపరచుకొని, జాతీయ గుర్తింపు కార్డు అయిన యు.డి.ఐ.డి. కూడా పొందాలి. 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ధ్రువీకరింపబడిన 6 నుండి 18 సంవత్సరాల పిల్లలకు సమీప పాఠశాలలో గాని, ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య హక్కు. బిడ్డ బడిలో ఉన్న గంటలు తల్లికి విశ్రాంతి గంటలు కూడా.

ఇ.ఎస్.ఐ. పరిధిలోని కార్మికునిపై పూర్తిగా ఆధారపడిన వైకల్యం గల సంతానానికి, ఆ వైకల్యం ఉన్నంతకాలం, వయోపరిమితి లేకుండా వైద్య సదుపాయం లభిస్తుంది. కార్మికుని భార్యకూ అదే సదుపాయం ఉంది. నిద్రలేమికి, దిగులుకు ఆమె కూడా చికిత్స కోరవచ్చు. పీణ్యలోను, రాజాజీనగరలోను ఇ.ఎస్.ఐ. ఆసుపత్రులున్నాయి.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు గలవారికి నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ బీమా ఏడాదికి 1 లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది; థెరపీ ఖర్చులూ అందులో చేరుతాయి. ‘మా తరువాత ఎవరు?’ అన్న భయానికి కొంత సమాధానం నేషనల్ ట్రస్ట్ చట్టం–1999లో ఉంది. బిడ్డకు 18 ఏళ్లు నిండిన పిదప చట్టబద్ధ సంరక్షకుని నియమించుకొనేందుకు జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు చేయవచ్చు.

ఇంటిలో చేయవలసినది ఒకటున్నది. వారంలో కొన్ని గంటలు బిడ్డ బాధ్యత పూర్తిగా తండ్రిదో, నమ్మకమైన బంధువుదో కావాలి. ‘అడిగితే సాయపడతాను’ అనడం పంచుకోవడం కాదు. అడిగే పని కూడా తల్లిపైనే పడుతుంది. రోజు, వేళ ముందే నిర్ణయించుకోవాలి.

ఆలస్యం చేయరాని వేళ

బిడ్డను కొట్టాలన్న ఆవేశం తరచుగా కలిగినా, బ్రతుకు చాలించాలన్న తలంపు ఒక్కసారి వచ్చినా వెంటనే సహాయం కోరాలి. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరులో, ఖర్చు లేకుండా, రాత్రింబవళ్లు ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకొనే పరిస్థితి తెచ్చుకోరాదు. తల్లిదండ్రుల విశ్రాంతి బిడ్డ చికిత్సలో ఒక భాగమే.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. నాలుగు భారాలలో మీ ఇంట ఏది అధికం? దానిని ప్రస్తుతం ఎవరు మోస్తున్నారు?
2. ఈ వారంలో ఏ రోజు, ఏ వేళ ఆ భారాన్ని మరొకరికి అప్పగించగలరు?
3. మీ వీధిలో అటువంటి కుటుంబం ఉంటే, పొరుగువారిగా మీరు చేయగల ఒక పని ఏది?